వరూధినీ, బూజు మేసే తామరపురుగూ

నాయికా వర్ణన ఎలా సాగుతుందో తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పనక్కర్లేదు. కురులతో మొదలవుతుంది. నుదురు, కనుబొమలు, కళ్ళు, ముక్కు, పెదవి దాటుకుంటూ పాదాల దాకా దిగుతుంది. వర్ణించేది దేవతనైతే పాదాల దగ్గర మొదలై కేశాల దాకా ఎక్కుతుంది. మనుచరిత్రా వసుచరిత్రా చదివినవాడికి తరవాత ఏ అవయవం రాబోతుందో ముందే తెలుసు. తెలిసీ చదువుతాడు. ఇంతే నిష్ఠగా తల నుంచి చివరి ఖండం దాకా నడిచే మరో వర్ణన ఉంది. అది కావ్యాల్లో దొరకదు, జంతుశాస్త్ర పత్రికల్లో దొరుకుతుంది. అందులో నాయిక ఎండాకు మీది బూజును తిని బతికే రెండు మూడు మిల్లీమీటర్ల తామరపురుగు. ఒక కొత్త జాతిని లోకానికి పరిచయం చేసేటప్పుడు కీటకశాస్త్రవేత్త రాసే ఆ రెండు మూడు పేజీలను ప్రబంధ వర్ణన పక్కన పెట్టి చదివితే, రెండూ ఒక కుటుంబానివే అనిపిస్తాయి. కాసేపటికి ఒకదానికొకటి వీపు తిప్పుకుని నిలబడ్డాయనీ అనిపిస్తుంది. ఈ రెండు మాటలూ నిజమే.

రెండింటినీ ఒకే నేల మీద నిలబెట్టి చూడాలంటే శ్రీహరికోట తగిన చోటు. ఒక పక్క బంగాళాఖాతం, మరో పక్క పులికాట్ సరస్సు, నడుమ ఇసుక దీవి. మొన్నమొన్నటి దాకా నెల్లూరు జిల్లా; 2022 నుంచి తిరుపతి జిల్లా. 1971 అక్టోబరులో ఇక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ ఎగిరినప్పటి నుంచీ పేరు చెబితే జనానికి ఆకాశమే గుర్తొస్తుంది. అయితే ప్రయోగ కేంద్రం కంచె లోపల మిగిలిన అడవి తక్కువదేమీ కాదు. పాల, అల్లి, నేరేడు లాంటి చెట్లతో ఎండలోనూ ఆకు రాల్చకుండా నిలిచే తీరప్రాంతపు పొడి సతతహరితారణ్యం అది. ప్రబంధకవికి ఈ దీవిని అప్పగిస్తే అష్టాదశ వర్ణనల్లో సగం అక్కడే దొరుకుతాయి: సముద్రం, వనం, సూర్యోదయం, చంద్రోదయం, జలక్రీడకు సరస్సు, పైన రాజహంసల వరసలు. తామరపురుగుల శాస్త్రజ్ఞుడు మాత్రం వీటిలో దేని వైపూ తలెత్తడు. ఎండిపోయీ కొమ్మను వదలని ఆకుల గుత్తి కిందో, వేలాడే ఎండు తాటాకు కిందో తెల్లని పళ్ళెం పట్టి, కర్రతో కొమ్మను తట్టి, రాలిన నల్లటి నలుసుల్లో ఏది కదులుతుందా అని చూస్తాడు. కవి దీవి మొత్తాన్ని కావ్యానికి నేపథ్యం చేస్తాడు. ఇతడు ఒక ఎండాకునే దీవిగా తీసుకుంటాడు.

తామరపురుగు తెలియని రైతు ఆంధ్రదేశంలో ఉండడు. మిరపలో ఆకులు పైకి దోనెలా ముడుచుకుపోయే పై ముడత దాని పనే. వేరుశనగకు మొవ్వుకుళ్ళు వైరస్‌ను మోసుకొచ్చేదీ ఆ వర్గానిదే. బూజు మేసే తామరపురుగు ఆ చుట్టరికంలోదే అయినా పైరు జోలికి రాదు. ప్రపంచంలో పేరు పెట్టిన తామరపురుగులు ఆరు వేలకు పైనే. వాటిలో సగానికి పైగా ఫ్లియోత్రిపిడే అనే ఒక్క కుటుంబానివి. ఆ కుటుంబంలో దాదాపు సగం శిలీంధ్రాల మీద ఆధారపడినవి. వీటిలోనూ రెండు భోజనాలున్నాయి. కొన్ని బూజు దారాల్లాంటి తంతువుల రసం పీలుస్తాయి. ఐడోలోత్రిపినే ఉపకుటుంబానివి బూజు సిద్ధబీజాలను ఉన్నవి ఉన్నట్టు మింగుతాయి. రసం పీల్చేవాటి నోటి సూదులు రెండు మూడు మైక్రాన్ల సన్నం. బీజాలు మింగేవాటివి అయిదు నుంచి పది మైక్రాన్ల వెడల్పు. గాజుపలక మీద అమర్చిన నమూనాను సూక్ష్మదర్శిని కింద చూస్తే, పొట్టలో ఆఖరి భోజనపు బీజాలు ఇంకా కనిపిస్తుంటాయి. మనుచరిత్రలో ప్రవరుడికి ముందు కనిపించింది వరూధిని కాదు; కస్తూరీ కర్పూర తాంబూలాల వాసన మోసుకొచ్చిన గాలి. ఆ గాలిని బట్టే అక్కడొక స్త్రీ ఉందని అతడు గ్రహించాడు. అలాగే పొట్టలో బీజాలను బట్టి శాస్త్రజ్ఞుడు పురుగు బతుకు గ్రహిస్తాడు. వ్యక్తి కన్నా ముందు జాడను నమ్మే గుణం ఇద్దరిలోనూ ఉంది.

ఇక వర్ణన నడక చూద్దాం. మొదట ఒళ్ళు రంగు: ఏ భాగం ముదురు గోధుమ, కాళ్ళలో ఏ ఖండం పసుపు. తరవాత తల: పొడవెంత, వెడల్పెంత, కళ్ళ వెనక రోమాలు మొనదేలినవా, మొద్దుబారినవా. స్పర్శశృంగాల్లో ఎనిమిది ఖండాలుంటే మూడో దాని మీద వాసన పట్టే శంకువులెన్ని, నాలుగో దాని మీద ఎన్ని. వక్షం మీద పెద్ద రోమాల జతలు అయిదూ ఉన్నాయా, ఏదైనా కుదించుకుపోయిందా. రెక్కల అంచు కుచ్చులో రెండు వరసలైన చోట వెంట్రుకలెన్ని. పొట్ట మొదట్లో పెల్టా అనే చిన్న ఫలకం గంట ఆకారమా, త్రికోణమా. చివరన గొట్టం లాంటి పదో ఖండం తల కన్నా పొడవా, పొట్టా. అన్ని కొలతలూ మైక్రాన్లలో. ఆడపురుగు అయ్యాక మగది, మగది అయ్యాక దొరికిన చోటూ తేదీ, చివరగా చుట్టపు జాతులతో తేడా. ఒక్క ఉపమానం ఉండదు, ఒక్క క్రియాపదమూ ఉండకపోవచ్చు. తెలుగు ప్రబంధ వచనంలో సమాసం క్రియను ఎంతకీ రానివ్వక ఊరించినట్టే ఇక్కడా విశేషణాల వెంట విశేషణాలు నడుస్తాయి. అక్కడ ఆ వరస సంగీతం కోసం, ఇక్కడ పొదుపు కోసం.

రెండింటిలోనూ క్రమం ముందే ఖరారైంది. రెండింటిలోనూ క్రమం తప్పితే తప్పే. అయినా క్రమం చేసే పని వేరు. వరూధినిని వర్ణించిన తరవాత ఆమెను వసుచరిత్ర నాయిక గిరికతో పక్కపక్కన నిలబెట్టి గుర్తుపట్టగలమా? పట్టలేం. మనుచరిత్ర రాసిన పెద్దన మనల్ని గుర్తుపట్టమనీ అడగలేదు. ఆమె కళ్ళు అందరు నాయికల కళ్ళే, నడుము అందరు నాయికల నడుమే. కొత్తదల్లా పెద్దన పలికిన తీరు. తామరపురుగు వర్ణన దీనికి సరిగ్గా తలకిందులు. రాసినవాడెవరో వాక్యం చూసి చెప్పలేం. చెన్నైలో రాసినా, కలకత్తాలో రాసినా, కాన్‌బెరాలో రాసినా నడక ఒకటే. కొత్తదల్లా పురుగు. ప్రబంధం పాత వస్తువును కొత్త కవి చేతికిస్తుంది, జాతివర్ణన కొత్త వస్తువును పాత గొంతుకిస్తుంది. క్రమం ఒకరి దగ్గర కవి తేడాను బయటపెట్టే గీటురాయి, మరొకరి దగ్గర ప్రాణి తేడాను బయటపెట్టే గీటురాయి. మిగతా పోలికలన్నీ ఈ ఒక్క తేడా చుట్టూ తిరుగుతాయి.

శాసనాల సంగతే తీసుకుందాం. మహాకావ్యంలో నగరం, సముద్రం, పర్వతం, ఋతువులు, చంద్రోదయం లాంటివి ఉండాలని కావ్యాదర్శంలో దండి జాబితా ఇచ్చాడు. వాటిలో ఒకటీ అరా లోపించినా ఉన్నవి రంజింపజేస్తే దోషం లేదనీ అన్నాడు. జంతునామాలకూ ఒక అంతర్జాతీయ నియమావళి ఉంది. దాని పంచాంగం 1758లో లినేయస్ గ్రంథం పదో కూర్పుతో మొదలవుతుంది. 1930 తరవాత పెట్టిన పేరు చెల్లాలంటే ఆ జాతిని తక్కినవాటి నుంచి వేరుచేసే లక్షణాలను మాటల్లో చెప్పి తీరాలి. 1999 తరవాతైతే ఏ నమూనా ఆ పేరుకు ఆధారమో కూడా తేల్చి చెప్పాలి. దండి శాసనం సహృదయుడి మెప్పు దగ్గర మెత్తబడుతుంది. ఈ శాసనం ఎంతటి మెప్పుకూ మెత్తబడదు. వర్ణన అందవికారంగా ఉన్నా పేరు చెల్లుతుంది. అందంగా ఉండి తేడా చెప్పకపోతే ఆ పేరు పుట్టనట్టే.

ముక్కు దగ్గర ఆగుదాం. ఏ పువ్వు మీదైనా వాలే తుమ్మెద తన జోలికి రాదేమని కుమిలిన సంపెంగ తపస్సు చేసి ఆడదాని ముక్కై పుట్టిందనీ, అప్పుడు కళ్ళే తుమ్మెదలై దానికి అటూ ఇటూ కాపురమున్నాయనీ ఊహించిన పద్యం ఒకటుంది. ఆ పద్యం వల్లే నంది తిమ్మన ముక్కు తిమ్మన అయ్యాడని ఐతిహ్యం. ఒక అవయవం ఒక కవికి ఇంటిపేరు కాగలిగిన సంప్రదాయం మనది. అలాగే తామరపురుగుల శాస్త్రమంతా ఒక అవయవం మీద, అంటే నోటి మీద నిలబడింది. ఈ వర్గం పురుగులకు ఎడమ హనువు ఒక్కటే ఉంటుంది; కుడిది పిండదశలోనే కుదించుకుపోతుంది. రెండు జంభికా సూదులు ఒకదానికొకటి అతుక్కుని గొట్టమై ఆహారాన్ని లోపలికి లాగుతాయి. ఆ సూదులు తలలోపల ఎంత లోతు దాకా వెళ్తాయి, వాటి మధ్య ఎడమెంత అన్నది ప్రజాతులను విడదీసే మాట. తిమ్మన ముక్కు చుట్టూ తపస్సూ ఫలమూ ఉన్న కథ అల్లాడు. శాస్త్రజ్ఞుడు నోటి చుట్టూ అల్లేదీ కథే, సన్నని సూది తంతువుల దారి పట్టిందనీ వెడల్పాటి సూది బీజాల దారి పట్టిందనీ సాగే వంశకథ. 1983లో లారెన్స్ మౌండ్, పామర్ కలిసి బీజభక్షక తామరపురుగుల ప్రజాతులన్నిటినీ తిరిగి వర్గీకరించిన గ్రంథాన్ని ఓపిగ్గా చదివినవాడికి అది కనిపిస్తుంది.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం కవిత్వమవుతుందా అన్న తగువు మన అలంకారశాస్త్రంలో పాతదే. భామహుడికి వక్రత లేని మాట మీద గౌరవం లేదు. అలాంటిది వట్టి సమాచారమని పక్కన పెడతాడు. కంచి పల్లవుల కాలం వాడని పండితులు చెప్పే దండి అయితే స్వభావోక్తిని అలంకారాల్లో మొదటిదిగా ఎత్తుకున్నాడు. శాస్త్రాల్లో రాజ్యం దానిదేననీ, కావ్యాల్లోనూ అది కోరదగిందేననీ తీర్పు చెప్పాడు. ఆ తీర్పుకు తెలుగులో తిరుగులేని సాక్షి కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద. విల్లిపుత్తూరు పొలాల కాలువల పక్కన బాతులు రెక్కల్లో తలలు దూర్చుకుని నిద్రపోతుంటే, స్నానానికి వచ్చిన బ్రాహ్మణులు మరిచిపోయిన తడిబట్టల ముద్దలనుకుని తలారులు వాటిని తీసి ఇవ్వబోతారు. బాతులు లేచి పారిపోతాయి, వరిచేను కాపలా పడుచులు నవ్వుతారు. బాతు ఎలా నిద్రపోతుందో కళ్ళారా చూడనివాడికి ఈ పద్యం రాదు. ఇక్కడ కవితో పాటు వస్తువూ కొత్తదే. రాయలు ప్రబంధ మర్యాదలో ఉంటూనే శాస్త్రజ్ఞుడి గుణాన్ని అరువు తెచ్చుకున్నాడు.

ఆ అరువు రెండో వైపు నుంచీ జరిగింది. లొయోలా కళాశాలలో పనిచేసి, తరవాత భారత జంతుశాస్త్ర సర్వేక్షణకు నాయకత్వం వహించిన టి.ఎన్. అనంతకృష్ణన్ 1969లో భారతీయ తామరపురుగుల మీద పెద్ద గ్రంథం వెలువరించారు. మద్రాసు నుంచి పులికాట్ దాకా పరుచుకున్న ఈ తీరపు ఎండాకులు ఆయన ప్రపంచానికి దూరం కాదు. ఆయన తరచూ పరిశీలించిన జాతుల్లో తియారోత్రిప్స్ సుబ్రమణీ ఒకటి. ఎండు తాటాకు మీది బూజు బీజాలు తిని బతికే పెద్ద తామరపురుగు అది. తాటిచెట్టు లేని ఊరు లేని నెల్లూరు తీరంవాడు దాని పేరు వినకపోయినా దాని ఇల్లు మాత్రం ఎరుగును. ఇలాంటి బీజభక్షకాల్లో మగపురుగులన్నీ ఒకేలా ఉండవు. కొన్ని భారీవి: ముందుకాళ్ళు బలిసి, వక్షం వెడల్పై ఉంటాయి. కొన్ని చిన్నవి, చూపుకు ఆడపురుగుల్లా ఉంటాయి. పెద్ద మగవి ఆడవాటి కోసం కొట్లాడతాయి. ఒక్క నమూనా చూసి రాసినవాళ్ళు పెద్ద మగదాన్ని ఒక జాతిగా, చిన్నదాన్ని వేరే జాతిగా ప్రకటించిన సందర్భాలు ఈ శాస్త్రంలో లేకపోలేదు. తరవాతివాళ్ళు వాటిని ఒకటిగా కలిపి ఒక పేరును కొట్టేయాల్సి వచ్చింది. అనంతకృష్ణన్ ఈ బహురూపతను పురుగు బతుకుతో ముడిపెట్టి చూశారు: ఏ బీజం తింటుంది, ఎంత గుంపుగా ఉంటుంది, ఏ మగది ఎవరితో తలపడుతుంది. కొలతల పట్టికలోకి కావ్యానికి చెందిన కోరికా కలహమూ అలా వచ్చి కూర్చున్నాయి.

ఇక్కడే ఇద్దరి లోపాలూ బయటపడతాయి. ప్రబంధం లోపం కవిసమయం. వెన్నెల తాగని చకోరాన్నీ, రాత్రి జంట విడిపోని చక్రవాకాన్నీ కావ్యంలో చూడలేం. పులికాట్ మీద ఎన్ని వేల పక్షులు వాలినా కావ్యం పాలనూ నీళ్ళనూ వేరుచేసే హంసనే పిలుస్తుంది. శాస్త్రవర్ణన లోపం దీనికి ఎదురు దిశలో ఉంది: చూసిన ఒక్కదాన్నే ప్రమాణంగా పట్టుకుని చూడని వెయ్యింటి తరఫున మాట్లాడటం. ఒకరు కళ్ళు మూసుకుని అందరినీ ఒకటి చేస్తే, మరొకరు కళ్ళు మరీ తెరిచి ఒకదాన్ని రెండు చేస్తారు. ఒకరిని దిద్దడానికి ఒక రాయలు కావాలి, మరొకరిని దిద్దడానికి ఒక అనంతకృష్ణన్ కావాలి.

ముద్రలూ అంకితాలూ రెండు చోట్లా ఉన్నాయి. ఆశ్వాసాంత గద్యలో కవి తన పేరూ తండ్రి పేరూ చెప్పుకుంటాడు. జాతిపేరు వెనక వర్ణించినవాడి పేరు నిలుస్తుంది. తరవాతివాళ్ళు ఆ జాతిని వేరే ప్రజాతిలోకి మారిస్తే మొదటివాడి పేరు పోదు, కుండలీకరణంలోకి వెళ్తుంది. సుబ్రమణీ వెనక అలా కుండలీకరణంలో ఉన్న పేరు రామకృష్ణ. దక్షిణ భారత ఆర్థిక కీటకశాస్త్రానికి కరదీపిక రాసిన టి.వి. రామకృష్ణ అయ్యరే ఆయన. ఇక కృతిభర్త విషయం. మనుచరిత్ర రాయలకు అంకితమైతే, వసుచరిత్ర తిరుమలరాయలకు. జాతినామంలో ఒకరి పేరును చేర్చడం కూడా అంకితమే. తేడా ఒకటుంది. కావ్యానికి కృతిభర్త చాలావరకు రాజే అవుతాడు. తామరపురుగుకు కృతిభర్త సాధారణంగా ఎండాకులు దులిపి నమూనా పట్టినవాడో, పాఠం చెప్పినవాడో అవుతాడు. పల్లకీలు మోయించుకునే అవకాశం ఎవరికీ లేదు.

కాలం విషయంలో శాస్త్రం కావ్యానికి నేర్పగలిగింది ఒకటుంది. కావ్యంలో వర్షం శ్రావణ భాద్రపదాలది. నెల్లూరు తీరంలో పెద్ద వాన ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కావ్యం వెన్నెలకు కేటాయించిన శరత్తులో ఇక్కడ తుఫాను హెచ్చరికలు మోగుతుంటాయి. బూజు పెరిగేదీ ఆ తడిలోనే, బూజు మేసేది కనిపించేదీ ఆ తరవాతే. అందుకే గాజుపలక అంచున అతికించిన చీటీ మీద ఊరూ, చెట్టూ, తేదీ లేకపోతే ఆ నమూనాకు విలువ సగం పోతుంది. కావ్యం శాస్త్రానికి నేర్పగలిగింది కూడా ఈ తీరం చరిత్రలోనే ఉంది. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా ఉన్న జెర్డన్ పక్షుల స్థానికనామాలను యానాదుల నోట విని రాసుకున్నాడు. తరవాత 1862-64ల్లో వచ్చిన తన భారతీయ పక్షుల గ్రంథంలో లాటిన్ పేర్ల పక్కన తెలుగు పేర్లు అచ్చువేశాడు. రాకెట్ కన్నా ఎంతో ముందు నుంచే శ్రీహరికోట యానాదులది. పక్షిని చూపే వాళ్ళ పిలుపులో అది తిరిగే చోటూ, చేసే శబ్దమూ కలిసి ఉంటాయి. వర్ణనంటే ముందుగా పక్కవాడికి ఒకదాన్ని చూపించడమేనని లాటిన్ రాత కొన్నిసార్లు మరిచిపోతుంది. కావ్యం మరిచిపోదు, యానాదీ మరిచిపోడు.

ఈ పొడి రాత వల్ల ఏమొరిగింది అని అడిగేవాళ్ళకు మిర్చి రైతు జవాబు చెప్పగలడు. 2021-22 పంటకాలంలో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిర్చి పూతలో నల్ల తామరపురుగు దిగినప్పుడు, అది మనం ఎప్పటి నుంచో ఎరిగిన సిర్టోత్రిప్స్ డార్సాలిస్ కాదనీ, త్రిప్స్ పార్విస్పైనస్ అనీ తేల్చగలిగారు. ఆ జాతిని కార్నీ 1922లోనే వర్ణించి ఉంచాడు. 2015లో బెంగళూరు బొప్పాయి మీద దాన్ని భారతదేశంలో మొదటిసారి నమోదు చేశారు. రోమాలు ఎక్కడెక్కడ ఉన్నాయో రాసిన ఆ పాత పేజీ లేకపోతే మిర్చిలో ఉన్నది ఏదో తేలేది కాదు. బూజు మేసేదాని వర్ణన ఏ మిర్చినీ కాపాడదు. కానీ ఒకదాన్ని ఇంకొకదాని నుంచి విడదీసే చూపు రెంటికీ ఒకటే, ఆ చూపు లాభం లేని పురుగుల మీదే ఎక్కువగా సానబడింది.

ప్రబంధానికీ ఇలాంటి ప్రశ్నే ఎదురవుతుంది: అందరూ ఒకేలా ఉండే నాయికల వర్ణన వల్ల మనకేమిటని. వరూధిని ఎవరో తెలియకపోయినా, వర్ణన ద్వారా తెలుగు ఎంత దూరం వెళ్ళగలదో తెలిసింది. నామవాచకాన్ని ఎన్ని విశేషణాలు మోయగలవో, ఒక అవయవం నుంచి ఇంకో అవయవానికి వాక్యం ఎలా దాటాలో, ఎక్కడ ఆగాలో ఆ కవులు కొలిచిపెట్టారు. తామరపురుగును వర్ణించేవాడికి కావలసిన పనిముట్లు సరిగ్గా ఇవే. జంతునామ నియమావళి వర్ణన ఫలానా భాషలో ఉండాలని శాసించదు. పేరు లాటిన్ అక్షరాల్లో ఉంటే చాలు, విస్తృతంగా చదివే భాషలో సారాంశం ఇస్తే మంచిదని మాత్రం అంటుంది. అంటే శ్రీహరికోట అడవి ఎండాకు మీద రేపు దొరికే ఒక కొత్త జాతిని తెలుగులో వర్ణించినా ఆ పేరు చెల్లుతుంది.

అలాంటి వర్ణన రాసేవాడు రెండు ఇళ్ళకూ బాకీ పడతాడు. రెండో మగదాన్ని, పదో మగదాన్ని చూడకుండా కలం ఎత్తకూడదన్న జాగ్రత్తను కీటకశాస్త్రం నుంచి తీసుకోవాలి. చదివేవాడి కంటి ముందు ప్రాణి లేచి నడవాలన్న పట్టుదలను రాయల బాతుల పద్యం నుంచి తీసుకోవాలి. తీసుకోకూడనివీ రెండున్నాయి: కవిసమయం ఒకటి, ఒక్క నమూనా మీది గుడ్డి నమ్మకం రెండోది. రాసింది అచ్చుకు వెళ్ళేముందు ఇద్దరికి చూపించాలి. తియారోత్రిప్స్ ఎరిగినవారు, ఈ మాటలతో దీన్ని దాని చుట్టాల నుంచి విడదీయగలమా అని చూస్తారు. ఆముక్తమాల్యద ఎరిగినవారు, ఇందులో ఏ మాట తీసేసినా నష్టం లేదో చూస్తారు. శాస్త్రజ్ఞుడి సంపాదకుడు అడిగేదీ ఈ రెండో ప్రశ్నే కనక, ఈ ఇద్దరూ ఒకే ప్రతి మీద దిద్దుబాట్లు పెట్టడంలో పెద్ద ఇబ్బంది ఉండదు.